ఇంటి లెక్క: గుద్దుకున్న బండి – బాగు చేయించాలా, వదిలేయాలా?

ఈ పేజీలో ప్రతి నెలా మీ ఇళ్ల లెక్కలే రాస్తుంటాను. చీటీ పాట, పిల్లల ఫీజు, బ్యాంకు నగల లోను, ఇట్లాంటివి. ఈ నెల మా ఇంటి లెక్క రాస్తున్నాను. రాయొచ్చా అని నాయనను అడిగాను. "రాయమ్మా, నలుగురికి పనికొస్తే మంచిదే. నా పేరు మాత్రం వేయకు" అన్నాడు. అందుకని పేర్లు లేవు.

చూలైలో అవధానం పాపయ్య రోడ్డు వైపు వచ్చేవాళ్లకు మా తెల్ల అంబాసిడర్ గుర్తుండే ఉంటుంది. వీధి మొగదల్లో, వేపచెట్టు కింద నిలబడి ఉండేది. 1992 మోడల్, డీజిల్ బండి. 1996లో బీ అండ్ సీ మిల్లు మూతపడ్డ రోజులు మన పేటల్లో ఎవరూ మరిచిపోరు. పెరంబూరు, పట్టాళం, ఓట్టేరి, పులియాంతోపు, చూలై, ఎక్కడ చూసినా మగవాళ్లు పగటిపూట ఇంట్లో కూర్చుని ఉండేవాళ్లు. మా నాయన నేత ఖాతాలో ఫిట్టరు. చేతికొచ్చిన డబ్బులో అక్క పెళ్లి అప్పు తీర్చి, మిగిలినదాంట్లో 1997లో ఈ బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. యాభై దాటినాక డ్రైవింగ్ నేర్చుకుని టీ బోర్డు పెట్టి టాక్సీ తోలాడు. పన్నెండేళ్లు ఆ బండే మాకు అన్నం పెట్టింది. నేను డిగ్రీ చదివింది, తమ్ముడు ఐటీఐ చేసింది ఆ సంపాదనతోనే. తర్వాత కళ్లు సరిగా కనబడక టాక్సీ మానేశాడు. బండిని మాత్రం అమ్మలేదు. ఓన్ బోర్డుకు మార్చుకుని ఇంటికి ఉంచుకున్నాం.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, బండి విలువ ఎంత అని అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. సమస్య మొదలైంది అక్కడే.

ఏం జరిగింది

తిరుపతి పోయి వస్తున్నారు. తమ్ముడు తోలుతున్నాడు. అమ్మ, నాయన, మరదలు, పిల్ల బండిలో ఉన్నారు. ఊత్తుకోట దాటినాక, ఇంకా తెల్లవారలేదు, లైటు లేకుండా రోడ్డు పక్కన ఒక లారీ నిలబడి ఉంది. దగ్గరికొచ్చేదాకా కనబడలేదు. బ్రేకు కొట్టాడు, పక్కకు లాగాడు, అయినా ఎడమ మూల తగిలింది. దేవుడి దయ, అమ్మ మణికట్టు విరిగింది తప్ప ఇంకెవరికీ ఏమీ కాలేదు. పిల్ల ముందు సీటుకు కొట్టుకుని పెదవి చిట్లింది.

బండి మాత్రం ఎడమ మడ్‌గార్డు నుంచి గ్రిల్లు దాకా లోపలికి ముడుచుకుపోయింది. రేడియేటరు పగిలింది, ముందు చక్రం వంకరగా తిరిగింది. లారీలో లాగించి పట్టాళం షెడ్డుకు తెచ్చారు.

ఆ వారమంతా ఇంట్లో మాటల్లేవు. తమ్ముడు మాత్రం, "అక్కా, నేను గుద్దాను, నేనే బాగు చేయిస్తా. ఎంతైనా సరే, అప్పు చేసైనా సరే" అంటున్నాడు. మరదలు ఏమీ అనదు గానీ, పిల్ల ఇంజనీరింగ్ ఫీజు 85,000 వచ్చే నెలలో కట్టాలని అందరికీ తెలుసు. అమ్మ చేతికట్టుతో కూర్చుని, "ఆ బండి పోతే మీ నాయన ఏమవుతాడో" అంటుంది. నాయన ఒక్క మాటా అనలేదు. పొద్దున లేవగానే బండి తుడిచే గుడ్డ చేత పట్టుకుని బయటికొచ్చి, ఖాళీ చోటు చూసి, మళ్లీ లోపలికి పోయేవాడు.

మొదటి లెక్క: ఇన్సూరెన్సు ఏమిస్తుంది?

మాకు ఏమీ ఇవ్వదు. మేం కట్టింది థర్డ్ పార్టీ మాత్రమే. 1000 నుంచి 1500 సీసీ లోపు కారుకు 2022 జూన్‌లో పెట్టిన రేటు ఏడాదికి 3,416 రూపాయలు. జీఎస్టీతో కలిపి 4,031 కట్టాం. చట్టప్రకారం ప్రతి బండికీ ఉండాల్సింది ఇది. మన బండి వల్ల ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే, వాళ్ల వస్తువు పాడైతే ఇది చెల్లిస్తుంది. మన బండి రిపేరుకు పైసా రాదు. "ఇన్సూరెన్సు ఉంది కదా" అని ధైర్యంగా ఉండేవాళ్లు ఇవాళే బీరువాలో కాగితం తీసి ఏ ఇన్సూరెన్సో చూసుకోండి.

ఫుల్ ఇన్సూరెన్సు ఉన్నవాళ్లకు లెక్క వేరు. కాగితంలో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. బండి పూర్తిగా పోతే కంపెనీ ఇచ్చే మొత్తానికి అదే హద్దు. కొత్త బండికి ఏడాదేడాదికీ అది తగ్గుతుంది. నాలుగేళ్లు దాటి ఐదేళ్ల లోపు బండికి సగమే లెక్క. ఐదేళ్లు దాటితే మీరూ కంపెనీ మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టం కింద తీసుకుంటారు. అంటే బాగు చేయాలా వదిలేయాలా అన్న ప్రశ్నకు కంపెనీ పెట్టుకున్న గీత అది. ప్రీమియం తగ్గుతుందని ఏజెంటు ఐడీవీ తక్కువ వేస్తే సరే అనకండి. ఆ తక్కువ అంకె మీకు గుర్తొచ్చేది బండి పోయిన రోజే.

ఇంకొకటి. రిపేరుకు ఒప్పుకున్నా మొత్తం బిల్లు ఇవ్వరు. రబ్బరు, ప్లాస్టిక్ సామాను, టైర్లు, బ్యాటరీకి సగం కోస్తారు. అద్దాలకు కోత లేదు. ఇనుప భాగాలకు బండి వయసును బట్టి కోత, పదేళ్లు దాటితే అదీ సగమే. జీరో డిప్రిసియేషన్ అని విడిగా డబ్బు కట్టి తీసుకుని ఉంటే ఈ కోతలు చాలావరకు ఉండవు. ఏదైనా, కంపెనీకి చెప్పకముందే, సర్వేయరు వచ్చి చూడకముందే బండి విప్పించకండి. గుద్దుకున్న చోటే నాలుగు వైపులా సెల్‌ఫోనులో ఫోటోలు తీసుకోండి. ఎవరికైనా దెబ్బ తగిలితే పోలీసు స్టేషన్‌లో తప్పకుండా రాయించండి. అది లేకుంటే తర్వాత ఏ ట్రిబ్యునల్‌కు పోయినా కష్టమే.

రెండో లెక్క: ఎస్టిమేటు

షెడ్డు నడిపే అన్న కూడా మిల్లు ఇంటి బిడ్డే. వాళ్ల నాయనా మా నాయనా ఒకే షిఫ్టు. ఉన్నది ఉన్నట్టు రాసిచ్చాడు.

టింకరింగు, లాగి సరిచేసేది, వెల్డింగు: 45,000
రేడియేటరు, ఫ్యాను, లైట్లు, గ్రిల్లు: 18,000
ముందు సస్పెన్షను, స్టీరింగు సామాను: 30,000
పట్టీ, పెయింటు: 35,000
ఇంజను దించి ఎక్కించే కూలి: 12,000

మొత్తం 1,40,000. "విప్పినాక లోపల ఇంకేమైనా కనబడితే దీని మీద ఇంకో ఇరవై వేలు పెట్టుకోక్కా" అని నోటితో చెప్పాడు. ఏ ఎస్టిమేటుకైనా ఈ నోటిమాట కలుపుకునే లెక్క వేయాలి.

సామాను దొరకదని భయం లేదు. అంబాసిడర్ 1958 నుంచి 2014 దాకా ఉత్తరపారలో తయారైంది. అంత కాలం ఒకే ఆకారంలో నడిచిన బండి కాబట్టి పుదుపేటలో కూవం ఒడ్డున పాత సామాను అంగళ్లలో ఇంకా దొరుకుతుంది. జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనూ అడగొచ్చు. దొరుకుతుంది కదా అని కొనేయడం మాత్రం తప్పు. పాత సామాను ఇంకో గుద్దుకున్న బండి నుంచే వచ్చి ఉంటుంది. మడ్‌గార్డు, డోరు, బానెట్టు లాంటివి పాతవి తెచ్చుకోవచ్చు. స్టీరింగు, బ్రేకు, సస్పెన్షను సామాను మాత్రం పాతది వద్దని షెడ్డు అన్నే చెప్పాడు.

గుద్దక ముందు మా బండికి వచ్చే ధర ఎంతని ఇద్దరు బ్రోకర్లను అడిగాను. 90,000 దాకా అన్నారు. అంటే లక్షా నలభై పెట్టి తొంభై వేల వస్తువును తయారు చేసుకుంటాం. తమ్ముడికి ఈ కాగితం చూపించాను. "అమ్మేదానికా అక్కా బాగు చేసేది? ఇంట్లో ఉంచుకునేదానికి కదా" అన్నాడు. ఆ మాటా న్యాయమే. అమ్మని వస్తువుకు బజారు ధరతో పని లేదు. అందుకని మూడో లెక్క వేశాను.

మూడో లెక్క: బండి మనకేం చేస్తోంది?

నాయన మిల్లు అలవాటు కొద్దీ డ్యాష్‌బోర్డులో ఒక నోటు పుస్తకం పెట్టి, ఎక్కడికి పోయినా రాసేవాడు. పోయిన ఏడాది మొత్తం 31 సార్లు బండి తీశాం. అందులో రెండుసార్లు తిరుపతి. మిగతా 29 ఊళ్లోనే: ఆస్పత్రి, పెళ్లి, రైలు స్టేషను.

సొంత బండికి అయిన ఖర్చు: ఇన్సూరెన్సు 4,031, డీజిల్ సుమారు 9,200, సర్వీసు, టైరు, బ్యాటరీ అన్నీ సర్ది ఏడాదికి 15,000. మొత్తం 28,231.

అవే 31 సార్లు బాడుగ బండిలో పోతే: తిరుపతికి సారికి 7,500 చొప్పున 15,000. ఊళ్లో రానూపోనూ 700 చొప్పున 29 సార్లకు 20,300. మొత్తం 35,300.

నిజం చెప్పాలంటే నాకే ఆశ్చర్యం వేసింది. సొంత బండే ఏడాదికి ఏడు వేలు చవక. తమ్ముడి ముఖం వెలిగింది. "చూశావా అక్కా" అన్నాడు.

అయితే ఆ ఏడు వేలు మిగలడానికి ఇప్పుడు పెట్టాల్సింది లక్షా నలభై. బండిని ఇట్లాగే ఇచ్చేస్తే తుక్కు కింద వచ్చే 24,000 కూడా వదులుకోవాలి. రెండూ కలిపితే 1,64,000. ఏడాదికి ఏడు వేల చొప్పున అది తిరిగి రావాలంటే ఇరవై మూడేళ్లు పైనే పడుతుంది. అప్పటికి బండికి యాభై ఆరేళ్లు, నాయనకు నూట రెండు. అందరం నవ్వాం. గుద్దుకున్న తర్వాత ఇంట్లో నవ్వింది అదే మొదటిసారి.

దీనికి పైన ఆర్‌సీ రెన్యూవలు ఉంది. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన కారుకు ఆ ఫీజు 600 నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి తర్వాత ఇంకా పెంచారు. ప్రతి ఐదేళ్లకూ కట్టాలి, బండి చూపించి పాస్ చేయించాలి.

అంకెలన్నీ వదిలేయమనే చెబుతున్నాయి. అయినా నేను ఆ మాట అనలేకపోయాను. మిల్లులో ముప్పై ఏళ్లు చేసిన కష్టం నాయన చేతిలో మిగిలింది ఆ బండి రూపంలోనే. మిల్లు గేటు మూసినప్పుడు ఆయనను ఎవరూ అడగలేదు. ఈసారి కూడా అడక్కుండా మేమే తేల్చేస్తే, కూతురు వేసిన లెక్కతో ఇంకో గేటు మూసినట్టే.

నాయన దారం

ఒక ఆదివారం నాయనే అన్నాడు. "నన్ను షెడ్డుకు తీసుకపోండి. ఒకసారి చూడాల."

ఆటోలో తీసుకుపోయాం. పోతూ పోతూ ఇంట్లోంచి మగ్గం దారం ఉండ, చాకుపీసు, తూకపు గుండు తెచ్చుకున్నాడు. షెడ్డు అన్న లేచి నిలబడి, "రండి మేస్త్రీ, కూర్చోండి" అని స్టూలు వేశాడు. నాయన కూర్చోలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. చెయ్యి వేయలేదు. "పైకి లేపు అప్పా" అన్నాడు.

జాకీల మీద బండిని మట్టంగా నిలబెట్టారు. ముందు సస్పెన్షను బిగించే చోట్లు రెండు, వెనక కట్టలు బిగించే చోట్లు రెండు. ఆ నాలుగు చోట్ల నుంచి గుండు వేలాడదీసి నేల మీద చాకుపీసుతో గుర్తులు పెట్టించాడు. బండిని పక్కకు తోయించాడు. ఇప్పుడు నేల మీద నాలుగు చుక్కలే మిగిలాయి. కుడి ముందు చుక్క నుంచి ఎడమ వెనక చుక్కకు దారం పట్టించి ముడి వేశాడు. అదే దారాన్ని ఎడమ ముందు నుంచి కుడి వెనకకు పట్టించాడు. ముడి చుక్క దగ్గర ఆగలేదు. ముప్పావు అంగుళం దాటింది.

"లాగి సరిచేస్తాను మేస్త్రీ, గొలుసు వేసి" అన్నాడు షెడ్డు అన్న.

"లాగుతావులే. నీ చేతి పని నాకు తెలుసు" అన్నాడు నాయన. స్క్రూ డ్రైవరు అడిగి తీసుకుని, డోరు కింద పొడుగునా ఉండే పెట్టె భాగాన్ని, పెయింటు ఉబ్బిన చోట మెల్లగా పొడిచాడు. ఇనుము బిస్కట్టులాగా పొడి రాలింది.

అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ లేదు. బాడీయే ఛాసిస్. ఒక మూల ముడుచుకుంటే ఆ బరువంతా మిగతా మూలల మీద పడుతుంది. ఒకసారి ముడిచి లాగిన రేకు మళ్లీ గుద్దుకుంటే మొదటిసారి ఆగినట్టు ఆగదు. తుప్పు పట్టిన దాన్ని పట్టుకుని లాగితే పట్టు దొరకదు, వెల్డింగు వేసిన పక్కనే చిరుగుతుంది. షెడ్డు అన్నకు ఇదంతా తెలుసు. మేస్త్రీ ముందు ఎట్లా చెప్పాలో తెలియక ఊరుకున్నాడట. ఆ మాట తర్వాత నాతో అన్నాడు.

నాయన దారం చుట్టుకుంటూ తమ్ముడితో అన్నాడు. "మూలమట్టం తప్పిన మగ్గాన్ని మేం నడపనిచ్చేవాళ్లం కాదు. ఎందుకంటే అది గుడ్డను పాడు చేసి ఊరుకోదు. నాడె ఎగిరి పక్క మనిషి కన్ను తీస్తాది. ఎంత మంచి మగ్గమైనా సరే, ఆపేయమనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు నా సొంత మగ్గమని వేరే మాట చెప్పేదానికి లేదు. ఇందులో పిల్లను కూర్చోబెట్టొద్దు."

తమ్ముడు ఏడ్చాడు. "నువ్వు గుద్దినందుకు కాదు రా పోయేది, దాని తుప్పు దానికుంది" అన్నాడు నాయన, వాడి భుజం మీద చెయ్యి వేసి.

నేను వేసిన మూడు లెక్కలూ సరైనవే. అయినా ఆ లెక్కలతో నాయనను ఒప్పించి ఉంటే, ఆయన బతికినంత కాలం డబ్బుకోసం అమ్మేశారనే అనుకునేవాడు. తన చేతి పనితో తనే తేల్చుకున్నాడు కాబట్టి మనసులో ముల్లు లేదు. మీ ఇంట్లోనూ ఇట్లాంటిది వస్తే కాగితం ముందు పెట్టేముందు బండి ఎవరిదో వాళ్లను బండి దగ్గరికి తీసుకుపోండి.

వదిలేసేటప్పుడు జాగ్రత్త

పుదుపేట నుంచి ఒకాయన వచ్చి 28,000 ఇస్తానన్నాడు, కాగితాలు ఏమీ వద్దన్నాడు. గవర్నమెంటు రిజిస్ట్రేషన్ ఉన్న స్క్రాప్ సెంటర్‌లో 24,000 అన్నారు. మేం 24,000కే ఇచ్చాం. కారణం ఇదీ.

బండి పోయినా ఆర్‌సీ మన పేరు మీదే ఉంటే, ఆ నంబరుతో రేపు ఎవరు ఏం చేసినా పోలీసు వచ్చేది మన తలుపు దగ్గరికే. బండి ఇక పనికిరాదని తేలితే పద్నాలుగు రోజుల్లో ఆర్టీఓ ఆఫీసుకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. స్క్రాప్ సెంటర్ వాళ్లు బండి తీసుకున్నట్టు ఒక సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. అది చూపించి కొత్త బండి కొంటే రోడ్డు టాక్సులో రాయితీ అడగొచ్చు. సొంత కార్లకు రాష్ట్రాలు 25 శాతం దాకా ఇవ్వొచ్చని కేంద్రం చెప్పింది. మన ఆర్టీఓలో ఎంత ఇస్తారో కొనేముందే అడిగి తెలుసుకోండి. ఆర్‌సీ రద్దయిన కాగితం చేతికొచ్చేదాకా వదలకండి. నాలుగు వేలు తక్కువొచ్చినా నిద్ర పట్టింది.

మేం ఇంకో కారు కొనలేదు. పిల్ల ఫీజు కట్టాం. బాడుగ బండి కోసమని నెలకు మూడు వేలు విడిగా డబ్బాలో వేస్తున్నాం. అమ్మ చేతికట్టు విప్పేదానికి ఆటోలో పోయి వచ్చాం. నాయన ఇప్పుడూ పొద్దున్నే గుడ్డ పట్టుకుని బయటికొస్తాడు. తమ్ముడి స్కూటరు తుడుస్తున్నాడు.

ఆటో తోలే అన్నదమ్ములకు ఒక మాట. మీ లెక్క మా లెక్క కాదు. మీ బండి ఆగిన ప్రతి రోజూ సంపాదన పోతుంది. అందుకని రిపేరు ఎన్ని రోజులు పడుతుందో ముందు అడగండి, ఆ రోజుల కూలి కూడా రిపేరు ఖర్చులో వేసుకుని, అప్పుడు కొత్తదాని నెల కిస్తీతో పోల్చి చూడండి. అయితే మూలమట్టం సంగతి మాత్రం అందరికీ ఒకటే. దారం వేసి కొలవమని అడగండి. మంచి టింకరు కాదనడు. కాదంటే ఇంకో షెడ్డు చూసుకోండి.

వచ్చే నెల చీటీ ఎత్తినవాళ్లు మధ్యలో కట్టడం మానేస్తే జామీను పడ్డవాళ్లు ఏం చేయాలో చూద్దాం. మీకు అట్లా జరిగి ఉంటే రాసి పంపండి. పేరు వేయను.